సెలవడిగిన సింఫనీ

నౌకరీ చేసేవాళ్ళకు సెలవు చీటీ కొత్త కాదు. ఒంట్లో బాగాలేదని ఒకరు, ఇంట్లో పెళ్ళని ఒకరు, పొలం పనులని మరొకరు రాస్తూనే వుంటారు. పై అధికారి చదివి సంతకం పెడతాడు. లేదా "చూద్దాం లెండి" అని సొరుగులో పడేస్తాడు. కాని 1772లో హంగరీ దేశంలో ఒక నౌకరు తన యజమానికి సమర్పించిన సెలవు చీటీలో ఒక్క అక్షరం కూడా లేదు. పైగా ఆ సెలవు తనకోసం కాదు, తన చేతికింద పనిచేసేవాళ్ళ కోసం. అది ఇరవై అయిదు నిమిషాల సంగీతం. యజమాని దాన్ని చదవలేదు, విన్నాడు. మర్నాడే సెలవు మంజూరు చేశాడు.

ఆ నౌకరు పేరు జోసెఫ్ హైడన్. ఆ సంగీతాన్ని లోకం "వీడ్కోలు సింఫనీ" అంటున్నది. హైడన్ సింఫనీల వరసలో దాని సంఖ్య 45. రెండువందల యాభై ఏళ్ళు దాటినా ఇప్పటికీ దాన్ని వాయిస్తూనే వున్నారు, జనం వింటూనే వున్నారు.

వియన్నా వెళ్ళినవాళ్ళంతా మోజార్టు విగ్రహం చూస్తారు, చక్రవర్తుల భవనాలు చూస్తారు, కాఫీ తాగి వస్తారు. నేనూ ఆ పనులన్నీ చేశాను. అవి అయిన తరవాత ఇంకా మూడు రోజులు మిగిలాయి. ఆ మూడు రోజులూ హైడన్ వెంట తిరగాలనుకున్నాను: పుట్టిన పల్లె, కొలువు చేసిన భవనం, చివరికి చేరిన సమాధి. మూడూ వియన్నాకు దగ్గరే. పొద్దున బయలుదేరితే ఏదైనా సాయంత్రానికి చూసి రావచ్చు.

చక్రాల వడ్రంగి కొడుకు

వియన్నాకు తూర్పుగా, హంగరీ సరిహద్దుకు కొంచెం ఇవతల, లైటా నది ఒడ్డున రోరావ్ అనే చిన్న గ్రామం వున్నది. చుట్టూ చదునైన పొలాలు. గోధుమలు, పొద్దుతిరుగుడు. రోడ్డు పక్కనే పొడుగ్గా, పొట్టిగా, గడ్డి కప్పుతో ఒక తెల్లటి ఇల్లు. 1732 మార్చి 31న హైడన్ పుట్టింది ఇక్కడ. 1899లో ఈ ఇల్లు అగ్నికి ఆహుతైతే మళ్ళీ పాత పద్ధతిలోనే కట్టారు. ఇప్పుడు అది మ్యూజియం.

తండ్రి మతియాస్ బండిచక్రాలు చేసే వడ్రంగి; ఊళ్ళో కొంత పెత్తనం కూడా వున్నవాడు. తల్లి పెళ్ళికి ముందు ఆ ఊరి జమీందారు కోటలో వంటమనిషి. తండ్రికి స్వరలిపి చదవడం రాదు. అయినా సాయంత్రం పని ముగించి హార్ప్ మీటుతూ పాడేవాడు. పిల్లలంతా చుట్టూ చేరి గొంతు కలిపేవారు. ఆ పిల్లల్లో జోసెఫ్ ఒకడు. తమ్ముడు మైఖేల్ కూడా పెద్ద సంగీతకర్త అయ్యాడు. బండిచక్రాలు తయారైన ఇంట్లోంచి ఇద్దరు సంగీతకర్తలు రావడం చిన్న సంగతి కాదు. బెతోవెన్ మరణశయ్య మీద వున్నప్పుడు ఎవరో ఈ ఇంటి బొమ్మ తెచ్చి చూపిస్తే, ఇంత చిన్న ఇంట్లో అంత గొప్పవాడు పుట్టాడా అని పసిపిల్లవాడిలా మురిసిపోయాడట.

పిల్లవాడి గొంతు బాగున్నదని బంధువు ఒకాయన అయిదారేళ్ళ వయసులోనే పక్క ఊరు హైన్‌బుర్గ్ తీసుకుపోయాడు. ఆయన బడిపంతులు, చర్చిలో పాటగాళ్ళకు పెద్ద. చదువూ సంగీతమూ బాగానే చెప్పాడు. అయితే ఆ ఇంట్లో తనకు దొరికినవి అన్నంకన్నా దెబ్బలే ఎక్కువని హైడన్ ముసలితనంలో నవ్వుతూ చెప్పుకునేవాడు. ఎనిమిదో ఏట వియన్నాలోని సెయింట్ స్టీఫెన్ చర్చి పాటల బడిలో చేరాడు. అక్కడ తొమ్మిదేళ్ళు. గొంతు లేతగా వున్నన్నాళ్ళూ అందరికీ ముద్దే. గొంతు మారగానే పనికిరానివాడయ్యాడు. అదను కోసం చూస్తున్న పెద్దలకు ఒక సాకు దొరికింది. జోసెఫ్ అల్లరిగా తోటి పిల్లవాడి జుట్టుపిలక కత్తిరించాడు. బెత్తంతో నాలుగు తగిలించి 1749లో వీధిలోకి పంపేశారు. వయసు పదిహేడు. జేబులో పైసా లేదు.

వియన్నాలో సెయింట్ మైఖేల్ చర్చి పక్కన పెద్ద ఇల్లొకటి ఇప్పటికీ వున్నది. దాని అటక మీద ఒక గదిలో హైడన్ కాపురం పెట్టాడు. చలికి కాగడానికి కుంపటి కూడా లేదు. పిల్లలకు పాఠాలు చెప్పాడు, రాత్రిళ్ళు వీధుల్లో వాయించాడు. అదే ఇంట్లో కింది అంతస్తుల్లో ఆనాటి ఆస్థానకవి మెటాస్టాజియో వుండేవాడు. ఆయన ద్వారా ఇటలీ నుంచి వచ్చిన పొర్పోరా అనే సంగీతవిద్వాంసుడితో పరిచయమైంది. ఆయన పాఠాలు చెబుతూంటే హైడన్ పక్కన వాయించేవాడు, ఆయన బూట్లు తుడిచేవాడు, తిట్లు తినేవాడు, వాటితోపాటు విద్య కూడా తీసుకునేవాడు.

పెళ్ళి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. దాని అవసరం ముందు వస్తుంది. హైడన్ ప్రేమించిన అమ్మాయి థెరీసా సన్యాసినుల మఠంలో చేరిపోయింది. 1760లో ఆమె అక్క మరియా ఆన్నాను చేసుకున్నాడు. ఆ దంపతులకు ఒకరంటే ఒకరికి పడలేదు. పిల్లలు లేరు. తాను రాసిన సంగీతం కాగితాలను ఆవిడ జుట్టు ఉంగరాలు చుట్టుకోవడానికి వాడేదని హైడన్ ఫిర్యాదు.

తెల్ల మేజోళ్ళ కొలువు

1761 మే 1న ఎస్టర్‌హాజీ ప్రభువుల కొలువులో హైడన్ ఉపసంగీతాధ్యక్షుడిగా చేరాడు. హంగరీలో వాళ్ళకు మించిన భూస్వాములు లేరు. జీతం ఏడాదికి 400 ఫ్లోరిన్లు. ఆనాటి ఒప్పందపత్రం ఇప్పటికీ వున్నది. అందులో షరతులు చదివితే మన పాత జమీందారీ కచేరీలు జ్ఞాపకం రాకమానవు. ప్రభువుగారి యెదుట వాయించేటప్పుడు నౌకరు దుస్తులు, తెల్ల మేజోళ్ళు, తెల్ల చొక్కా వేసుకోవాలి. జుట్టుకు పౌడరు అద్దుకోవాలి. ప్రతిరోజూ ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ముందుగదిలో నిలబడి, ప్రభువులకు ఇవాళ సంగీతం కావాలా వద్దా అని కనుక్కోవాలి. వాద్యాలు చెడిపోకుండా చూసుకోవాలి. వాద్యగాళ్ళు తగవులాడుకుంటే తీర్చాలి. ప్రభువులు అడిగిన సంగీతం అడిగినప్పుడల్లా రాయాలి. రాసినది మరొకరికి ఇవ్వకూడదు, మరొకరికోసం రాయకూడదు.

అంటే సృష్టించేవాడు హైడన్, సొత్తు మాత్రం ప్రభువుది. ఈ చివరి షరతు 1779లో కొత్త ఒప్పందం రాసుకునేదాకా తొలగలేదు.

అన్యాయమని మనకనిపిస్తుంది. ఆ రోజుల్లో సంగీతకారుడి హోదా అది. వంటవాడు, తోటమాలి, గుర్రాలవాడు, వాయించేవాడు అందరూ ఒక వరసే. అయితే ఆ కొలువులో ఒక లాభం వున్నదని హైడనే చెప్పాడు. తన చేతిలో వాద్యబృందం వుండేది. ఏది తోస్తే అది రాసి మర్నాడే వాయించి చూసుకునేవాడు. బాగుంటే వుంచేవాడు, లేకపోతే కొట్టేసేవాడు. లోకానికి దూరంగా వుండడంవల్ల ఇలా కాదు అలా అని వేధించేవాళ్ళు లేకపోయారు. అందుచేత తనదైన దారి తొక్కక తప్పలేదన్నాడు.

బురదనేలలో భవనం

రెండో రోజు వియన్నాలో రైలెక్కి గంటకు పైగా ప్రయాణం చేసి షోప్రోన్ చేరాను. అది హంగరీ పట్టణం. అక్కడినుంచి బస్సులో తూర్పుగా పోతే ఫెర్తోడ్ వస్తుంది. ఉత్తరాన కొంచెం దూరంలో ఫెర్తో సరస్సు. జర్మను భాషలో దాని పేరు నొయ్‌జీడ్లర్. లోతు లేని సరస్సు, చుట్టూ మైళ్ళకొద్దీ రెల్లు. ఇప్పుడది పక్షులకు ఆలవాలం. 2001లో ప్రపంచ వారసత్వ ప్రదేశాల జాబితాలో చేర్చారు. రెండువందల యాభై ఏళ్ళ కిందట మాత్రం ఇదంతా తడినేల, ముసురు, ఈదురుగాలి.

అటువంటిచోట ప్రిన్సు నికొలౌస్ ఎస్టర్‌హాజీకి ఒక వేటబంగళా వుండేది. 1760ల్లో దాన్ని పెంచి మహాభవనంగా మార్చాడు. పేరు ఎస్టర్‌హాజా. 126 గదులు. ఫ్రాన్సు రాజుల వెర్సాయి భవనాన్ని తలదన్నాలని ఆయన పట్టుదల. చక్రవర్తి చెయ్యగలిగింది నేనూ చెయ్యగలను అనేవాడని చెప్పుకుంటారు. 1768లో ఆపెరా నాటకశాల తెరిచాడు. తొలి ప్రదర్శన హైడన్ రాసినదే. తరవాత తోలుబొమ్మలకు బదులు చెక్కబొమ్మలాడించే శాల ఒకటి కట్టించాడు. 1773లో సామ్రాజ్ఞి మరియా థెరీసా వచ్చి చూసి వెళ్ళింది.

బస్సు దిగి ఇనుప గేటు ముందు నిలబడ్డాను. ఆ గేటునే అరగంట చూడవచ్చు. ఇనుమును తీగలాగా, పువ్వులాగా వంచారు. లోపల గుర్రపు లాడం ఆకారంలో పసుపుపచ్చని భవనం రెండు చేతులూ చాచినట్టు వుంటుంది. రెండవ ప్రపంచయుద్ధంలో ఇది బాగా దెబ్బతిన్నది. యుద్ధం తరవాత కొన్నేళ్ళు పట్టి బాగుచేశారు. నాటకశాల మాత్రం మిగల్లేదు.

గదులు చూపించే అమ్మాయి చక్కని ఇంగ్లీషులో అద్దాలు, పాలరాయి, చీనా లక్కపలకలు వివరించింది. అన్నీ విన్న తరవాత, "వాయించేవాళ్ళు ఎక్కడ పడుకునేవారండీ?" అని అడిగాను. ఆమె నవ్వి, "చాలామంది రాజుగారు ఎక్కడ పడుకునేవారని అడుగుతారు" అని, కిటికీ దగ్గరకు తీసుకుపోయి వేలు చూపింది. భవనం బయట, రోడ్డు వైపు, సాదాగా ఒక పొడుగాటి ఇల్లు. పేరే సంగీతగృహం. వాద్యగాళ్ళు గదికి ఇద్దరేసి అందులో వుండేవారు. భార్యాబిడ్డలకు చోటు లేదు.

చోటు లేదన్నది సాకు. అసలు సంగతి ప్రభువుకు వాళ్ళ సందడి ఇష్టం లేదు. వాద్యగాళ్ళ సంసారాలన్నీ సుమారు నలభై అయిదు కిలోమీటర్ల దూరంలో ఐజెన్‌స్టాట్ పట్టణంలో వుండేవి. 1772 జనవరిలో ప్రభువు కచ్చితంగా ఒక ఉత్తరువు పంపాడు: ఎస్టర్‌హాజాలో వాద్యగాళ్ళ భార్యలు గాని పిల్లలు గాని ఒక్క రోజుకైనా కనిపించకూడదు. ఈ నియమం నుంచి నలుగురికే మినహాయింపు. ఇద్దరు గాయకులు, మొదటి వయొలిన్ వాయించే టొమాజీని, నాలుగోవాడు హైడన్.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. భార్యను తెచ్చుకోవడానికి అనుమతి వున్నవాడు హైడన్. ఆ భార్య వెంట వుంటే బాగుండునని అంతగా కోరుకోనివాడూ హైడనే. ఇంటికి పోవాలన్న బెంగ ఆయనది కాదు. ఆయనది ఇతరుల బెంగ. వాళ్ళు ఆయన్ని "పాపా" అని పిలిచేవారు. ఎవరిమీదనైనా ప్రభువుకు కోపం వస్తే వాళ్ళ తరఫున అర్జీ రాసిపెట్టేవాడు ఆయనే.

మామూలుగా వేసవి కాగానే ప్రభువు తిరుగుప్రయాణం కట్టేవాడు. ఆ ఏడు కదల్లేదు. భవనం కొత్త, మోజు తీరలేదు. ఆకులు రాలాయి, చలి మొదలైంది. వారాలకు వారాలు పొడిగిస్తూ పోయాడు. వాద్యగాళ్ళు పాపా దగ్గరకు వచ్చి మొరపెట్టుకున్నారు. అర్జీ రాస్తే కోపం రావచ్చు. నోటితో చెబితే ధిక్కారమనవచ్చు. హైడన్‌కు చేతనైన మూడో భాష ఒకటి వున్నది.

ఒక్కొక్క దీపమే

సింఫనీ అంటే తెలియని పాఠకులకు రెండు మాటలు. మన కచేరీలో పాడేవారు ఒకరు ముఖ్యం. పక్కవాద్యాలు వారిని అనుసరిస్తాయి. సింఫనీలో పాడేవారుండరు. పలు వాద్యాలు, ఒక్కొక్కటీ వేరు వేరు స్వరాలు పలుకుతూ, అన్నీ కలిసి ఒకటిగా వినిపిస్తాయి. ఎవరు ఎప్పుడు ఏ స్వరం పలకాలో ముందే రాసి వుంటుంది. సాధారణంగా నాలుగు భాగాలు: చురుకైనది, నెమ్మదైనది, నాట్యపు నడక, చివర మళ్ళీ చురుకైనది. చివరి భాగం ధూంధాంగా ముగియాలి, సభ చప్పట్లు కొట్టాలి. అది రివాజు.

హైడన్ ఈ సింఫనీకి ఎఫ్ షార్ప్ మైనర్ అనే శ్రుతి ఎంచుకున్నాడు. ఆ రోజుల్లో సింఫనీలకు అది బహు అరుదు. దుఃఖం, కోపం, ఇరుకు అన్నీ ధ్వనించే శ్రుతి. అప్పటి కొమ్ముబూరాలకు మీటలు లేవు. శ్రుతి మార్చాలంటే గొట్టంలో అదనపు ముక్క తగిలించాలి. ఈ శ్రుతికి సరిపోయే ముక్కలు వాళ్ళ దగ్గర లేవు. కొత్తవి చేయించారు. 1772 అక్టోబరు నాటి ఆ బిల్లు ఎస్టర్‌హాజీ లెక్కల్లో దొరికింది. గమ్మత్తేమిటంటే, సెలవడిగే సంగీతానికి సామాను ఖర్చు కూడా ప్రభువే పెట్టుకున్నాడన్నమాట.

నేను వెళ్ళిన రోజు సాయంత్రం అదే భవనంలో కచేరీ వున్నది. టిక్కెట్టు కొనుక్కుని కూర్చున్నాను. పెద్ద హాలు కాదు. వాయించేవాళ్ళు ఇరవైమందికి లోపే. హైడన్ బృందమూ దాదాపు అంతే వుండేది. పైదీపాలు తగ్గించి, ఒక్కొక్కరి ముందూ కాగితాల బల్లకు చిన్న దీపం పెట్టారు.

మొదటి భాగం ఎత్తుగడలోనే వయొలిన్లు మెట్లమీంచి దూకినట్టు కిందకు దూకాయి. వెనక మిగతా తంత్రులు ఊపిరాడనట్టు కొట్టుకుంటున్నాయి. రెండో భాగంలో వయొలిన్లకు మూతబిళ్ళలు తగిలించి, గుసగుసలాడినట్టు వాయించారు. అది పగలంతా పనిచేసి రాత్రి గదికి ఇద్దరేసి పడుకున్నవాళ్ళ మాటలాగా వున్నది. మూడో భాగం నాట్యమే కాని ఎక్కడో కాలు తడబడుతూనే వుంటుంది.

నాలుగో భాగం మళ్ళీ తుఫానుగా మొదలైంది. ఇక ముగిసిపోతుందనుకున్నచోట చటుక్కున ఆగిపోయింది. ఒక్క క్షణం నిశ్శబ్దం. తరవాత ఎవరూ ఎదురుచూడని ఒక నెమ్మదైన పాట వచ్చింది. అందులో కోపం లేదు. మర్యాదగా, మెల్లగా ఏదో మనవి చేసుకుంటున్నట్టు సాగింది.

అప్పుడు మన సన్నాయి జాతికి చెందిన ఓబో వాద్యగాడు ఒకడు, కొమ్ముబూరా వాద్యగాడు ఒకడు, తమ చిన్న పలుకు తాము పలికి, దీపం ఆర్పి, కాగితాలు చంకన పెట్టుకుని లేచి వెళ్ళిపోయారు. నా ముందు వరసలో ఒక పిల్లవాడు ఏమైందన్నట్టు తల్లి ముఖం చూశాడు. ఆమె వేలు పెదవులమీద పెట్టింది. తరవాత బసూన్ వెళ్ళింది. రెండో ఓబో, రెండో కొమ్ము వెళ్ళాయి. తరవాత, ఎప్పుడూ వెనక నిలబడి బరువుమోసే డబుల్ బాసుకు హైడన్ ఒక ప్రత్యేకమైన పలుకు రాశాడు. పెద్దమనిషిలా అదంతా చెప్పుకుని ఆ పెద్ద వాద్యాన్ని ఎత్తుకుని అతనూ నడిచాడు. చెల్లో వెళ్ళింది. వయొలిన్లు ఒక జట్టుగా లేచాయి. వయోలా వెళ్ళింది. ప్రతిసారీ ఒక దీపం తగ్గుతున్నది. ప్రతిసారీ సంగీతం సన్నబడుతున్నది.

చివరికి రెండు వయొలిన్లు, రెండు దీపాలు మిగిలాయి. ఆనాడు మిగిలినవాళ్ళు టొమాజీని, హైడన్ అంటారు. ఇద్దరూ మినహాయింపు వున్నవాళ్ళే. మిగతా అందరూ వెళ్ళిన తరవాతనే వాళ్ళు లేవాలి. ఆ రెండు వయొలిన్లు మూతబిళ్ళలతో, వినీ వినపడకుండా, ఒకదానినొకటి పట్టుకుని నడిచినట్టు నడిచి ఆగిపోయాయి. అవీ ఆరిపోయాయి. చీకట్లో ఎవ్వరూ చప్పట్లు కొట్టలేదు. పిల్లవాడు కూడా మాట్లాడలేదు.

1772లో ఈ చీకట్లో కూర్చున్నవాడు ప్రిన్సు నికొలౌస్. ఆయన్ని మెచ్చుకోక తప్పదు. కోపగించవచ్చు, విననట్టు నటించవచ్చు. ఆయనా సంగీతం తెలిసినవాడే. బారిటన్ అనే కష్టమైన తంత్రివాద్యం వాయించేవాడు, దానికోసం హైడన్ చేత నూరుకు పైగా రచనలు రాయించుకున్నాడు. అందరూ వెళ్ళిపోతే మనమూ వెళ్ళిపోవాలి కదా అన్నాడట. మర్నాడు ప్రయాణానికి ఉత్తరువులు జారీ అయ్యాయి. ముసలితనంలో హైడన్ చెప్పగా విన్న ఇద్దరు జీవితచరిత్రకారులు 1810లో ఈ సంగతి పుస్తకాలకెక్కించారు. ప్రభువు బృందాన్నే తీసివెయ్యబోతుంటే హైడన్ ఇలా ఆపాడని ఇంకో కథ కూడా వ్యాపించింది గాని, మొదటిదే ఎక్కువమంది నమ్ముతారు. హైడన్ చేతిరాతలో వున్న ప్రతి బుడాపెస్టులోని జాతీయ గ్రంథాలయంలో వున్నది.

షోప్రోన్ దారిలో

మూడో రోజు ఆ వాద్యగాళ్ళు ఇంటికి పోయిన దిక్కుగానే నేనూ ఐజెన్‌స్టాట్ వైపు బయలుదేరాను. హైడన్ నాడు రెండు ఊళ్ళూ ఒకే హంగరీ రాజ్యంలో వుండేవి. మొదటి ప్రపంచయుద్ధం తరవాత 1921లో ఐజెన్‌స్టాట్ ఆస్ట్రియాకు వచ్చింది. షోప్రోన్ ప్రజలు ఓటు వేసి హంగరీలోనే వున్నారు. రెండవ ప్రపంచయుద్ధం తరవాత ఈ పొలాల మధ్యనే ముళ్ళకంచె లేచింది. నలభై ఏళ్ళు మనుషులు అటునుంచి ఇటు రావడం తేలిక కాలేదు. 1989 ఆగస్టు 19న షోప్రోన్ దగ్గర ఒక వనభోజనం పేరుతో సరిహద్దు గేటు కొద్దిసేపు తెరిచారు. తూర్పు జర్మనీవాళ్ళు ఆరువందలమందికి పైగా పిల్లల్ని చంకనెత్తుకుని ఈవలికి పరుగెత్తారు. ఇప్పుడు పొలాలు, ద్రాక్షతోటలు తప్ప అడ్డేమీ కనబడదు. మా బస్సు ఆగకుండానే దేశం మారింది.

దారి పొడుగునా ఒక సంగతి మనసులో మెదిలింది. 1772లో సెలవు దొరికింది. మరి 1790లో? ఆ ఏడు సెప్టెంబరు 28న ప్రిన్సు నికొలౌస్ చనిపోయాడు. కొడుకు ఆంటన్‌కు సంగీతం మీద ఆసక్తి లేదు. కొద్దిరోజుల్లోనే బృందంలో దాదాపు అందర్నీ తీసివేశాడు. ఆనాడు ఇంటికి పోవడానికి సెలవు కోరినవాళ్ళు, ఈనాడు శాశ్వతంగా సెలవు పుచ్చుకుని బతుకుతెరువు వెతుక్కున్నారు. అప్పుడు దీపాలు ఆర్పడానికి సింఫనీ అక్కరలేకపోయింది.

హైడన్‌కు మాత్రం ఏటా పింఛను ఏర్పాటైంది. యాభై ఎనిమిదేళ్ళ వయసులో మొదటిసారి తన కాలం తనదైంది. లండను నుంచి సాలమన్ అనే కచేరీల నిర్వాహకుడు వచ్చి తీసుకుపోయాడు. ప్రయాణం రోజున మోజార్టు కలిసి, మీకు భాషలు రావు, ఈ వయసులో అంత దూరమా అంటే, నా భాష లోకమంతటికీ తెలుసునని హైడన్ జవాబిచ్చాడట. ఇద్దరూ మళ్ళీ కలుసుకోలేదు; 1791 డిసెంబరులో మోజార్టు పోయాడు. లండను జనం హైడన్‌ను నెత్తిన పెట్టుకున్నారు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయం డాక్టరు పట్టమిచ్చింది. రెండు యాత్రల్లో పన్నెండు సింఫనీలు రాశాడు. 1797లో తన చక్రవర్తికోసం కట్టిన ఒక వరస ఇప్పుడు జర్మనీ జాతీయగీతానికి వరస. 1798లో "సృష్టి" అనే మహాగేయనాటకం వినిపించాడు. తెల్ల మేజోళ్ళతో ముందుగదిలో నిలబడినవాడు యూరపులోకెల్లా పేరున్న సంగీతకర్త అయ్యాడు.

రెండు పుర్రెల సమాధి

ఐజెన్‌స్టాట్ చిన్న పట్టణం. మధ్యలో ఎస్టర్‌హాజీల పాత కోట. అందులోని పెద్ద హాలుకు ఇప్పుడు హైడన్ పేరే. దానికి దగ్గర వీధిలో 1766లో ఆయన కొనుక్కున్న ఇల్లున్నది. అది 1768లో ఒకసారి, 1776లో ఒకసారి తగలబడింది. రెండుసార్లూ బాగుచేయించినవాడు ప్రిన్సు నికొలౌసే. చిన్న వాకిలి, చిన్న ముంగిలి, ఇరుకు గదులు. ఆ వీధిలోకి 1772 చలికాలంలో బండ్లు వచ్చి ఆగి వుంటాయి; తలుపులు తెరుచుకుని వుంటాయి; నాన్న వచ్చాడని పిల్లలు అరిచి వుంటారు. ఆ సింఫనీ ఫలితం అదీ.

పట్టణం పైభాగంలో కొండచర్చి వున్నది. హైడన్ అక్కడ వున్నాడు. ఆ కథ వింటే ఒళ్ళు జలదరిస్తుంది.

1809 మేలో నెపోలియన్ ఫిరంగులు వియన్నా మీద పేలుతుండగా హైడన్ మంచం పట్టాడు. ఆ నెల 31న డెబ్బయ్యేడో ఏట ప్రాణం విడిచాడు. యుద్ధకాలం కనుక హడావుడిగా పాతిపెట్టారు. కొద్దిరోజుల్లోనే రోజెన్‌బౌమ్, పేటర్ అనే ఇద్దరు, కాటికాపరికి లంచమిచ్చి తల కోసి పట్టుకుపోయారు. మొదటివాడు ఒకప్పుడు ఎస్టర్‌హాజీల గుమాస్తా. రెండోవాడు జైలు అధికారి. పుర్రె ఆకారాన్నిబట్టి ప్రతిభ చెప్పవచ్చునన్న పిచ్చి ఆ రోజుల్లో ప్రబలంగా వుండేది. పుర్రెను శుభ్రం చేసి నల్లపెట్టెలో దాచుకున్నారు.

1820లో అప్పటి ఎస్టర్‌హాజీ ప్రభువు శవపేటికను ఐజెన్‌స్టాట్ తేవాలని తవ్విస్తే అందులో తల లేదు. విగ్గు మాత్రం వున్నది. పోలీసులు రోజెన్‌బౌమ్ ఇల్లు సోదా చేశారు. అతని భార్య జబ్బని పరుపుమీద పడుకున్నది. పుర్రె ఆ పరుపులోనే వున్నది. చివరికి ఎవరిదో మరో పుర్రె ఇచ్చి పంపేశారు. ప్రభువు అదే హైడన్‌దనుకుని పాతిపెట్టించాడు. అసలుది చేతులు మారి మారి 1895లో వియన్నా సంగీతప్రియుల సంఘానికి చేరింది. 1932లో కొండచర్చిలో పాలరాతి సమాధి కట్టారు. 1954 జూన్ 5న అసలు తల వచ్చి మొండేన్ని కలుసుకున్నది. నూట నలభై అయిదేళ్ళు పట్టింది.

ఆ పరాయి పుర్రెను తీసివెయ్యలేదు. ఎవరిదో తెలియదు, నూటముప్పై ఏళ్ళు హైడన్ తోడుగా వున్నది కదా అని దాన్నీ అక్కడే వుంచారు. అందుచేత ఆ సమాధిలో రెండు పుర్రెలున్నాయి. ఆ సంగతి విన్నప్పుడు నాకు భయం కలగలేదు. తన బృందంలో ఒక్కణ్ణి కూడా విడిచిపెట్టి ముందు లేచి వెళ్ళని మనిషికి అది తగిన ఏర్పాటే అనిపించింది.

మీ ఊళ్ళో రికార్డుమీదో రేడియోలోనో ఈ నలభై అయిదో సింఫనీ ఎప్పుడైనా దొరికితే తప్పక వినండి. వీలైతే రాత్రివేళ వినండి. నాలుగో భాగంలో తుఫాను ఆగిన తరవాత శ్రద్ధగా ఒక్కొక్క వాద్యాన్నీ పట్టుకోండి: ఎవరు ఉన్నారు, ఎవరు వెళ్ళారు అని లెక్కపెట్టండి. చివర ఆ రెండు వయొలిన్లూ ఆగిన తరవాత వెంటనే లేవకండి. కాసేపు అలాగే కూర్చోండి. వెళ్ళవలసినవాళ్ళంతా ఇల్లు చేరడానికి ఆ మాత్రం వ్యవధి పడుతుంది.